‘తల దించవా’ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: ‘‘బ్రదర్, కొంచెం తల దించవా, ఫ్రేమ్‌లో పడుతోంది.’’

అవతారిక: టీ20 మ్యాచ్‌లో నా వెనక సీటు నుంచి, నా చెవి పక్కగా తెల్లటి లెన్సు చాచి ఒక మహానుభావుడు పలికిన వాక్యమిది. అక్కర్లేనిది చెప్పనన్నవాడు మా మెదక్ వ్యాఖ్యాత మల్లినాథసూరి. నాకు ఆ నియమం లేదు.

టీక: ‘బ్రదర్’, ‘కొంచెం’ స్పష్టం. ‘దించవా’ ప్రార్థన వేషంలో ఉన్న ఆజ్ఞ. ‘తల’ అనగా టికెట్టు కొన్నవాడిది.

విశేషం: దూరాన ఉన్నదాన్ని దగ్గరగా చూసే ఈ విద్యకు ఆద్యుడు సంజయుడు. దివ్యదృష్టిని వ్యాసుడు ముందు ధృతరాష్ట్రుడికే ఇస్తానన్నాడు. అయినవాళ్ల చావు చూడలేనని ఆయన వద్దంటే అది సంజయుడికి దక్కింది. అతను రాజు పక్కన కూర్చుని లైవ్ ఇచ్చాడనుకోవడం సీరియళ్ల పుణ్యం. భారతంలో మైదానానికి వెళ్లాడు, భీష్ముడు పడ్డాక పదో రోజున వచ్చి చెప్పాడు. చివర్లో సాత్యకి చేతికి చిక్కితే, పాస్ ఇచ్చిన వ్యాసుడే వచ్చి విడిపించాడు. దుర్యోధనుడు పోగానే దివ్యదృష్టీ పోయింది. సిరీస్ అయిపోతే అక్రిడిటేషన్ చెల్లదు మరి. అన్ని అక్షౌహిణుల మధ్య తిరిగినా, అతను ఒక్క సైనికుణ్ణీ తల దించమన్న దాఖలా లేదు.

ఎక్కడున్నాం? ఆఁ, లెన్సు.

శంక: పత్రికల ఫొటోగ్రాఫర్లూ ఇవే తెస్తారు కదా? తెస్తారు. మూడు కిలోల 400 ఎం.ఎం. లెన్సును మోనోపాడ్ మీద నిలబెట్టి, బౌండరీ తాడు అవతల కూర్చుంటారు. వాళ్ల ముందు ఎవడి తలా ఉండదు. వింబుల్డన్‌లో ప్రేక్షకుడి లెన్సుకు 300 ఎం.ఎం. దగ్గర గీత గీశారు. మన టికెట్ల నిబంధనల్లోనూ ప్రొఫెషనల్ కెమెరా నిషిద్ధమే. మరి ఈయనెలా వచ్చాడు? మూలంలో లేని ‘పాస్’ అనే పదాన్ని అధ్యాహారం చేసుకుంటేనే అన్వయం కుదురుతుంది.

గేటు దగ్గర మా అమ్మాయి నీళ్ల సీసా లాక్కుని డబ్బాలో పడేశారయ్యా! ఎర్రటి ఎండలో, గంటసేపు క్యూలో నిలబడ్డాక! లోపల గ్లాసుడు నీళ్లకు వాళ్లు చెప్పిందే రేటు. గొట్టం మాత్రం సెల్యూట్ కొట్టించుకుని వచ్చింది. ఏ మీమాంసకుడు సమన్వయిస్తాడో సమన్వయించమనండి.

పోనీ, ఆయనకైనా దక్కేదేమిటి? గంటకు 140 కిలోమీటర్ల బంతి సెకనుకు 39 మీటర్లు పోతుంది. సెకనుకు 20 ఫొటోలు తీసినా రెండింటి నడుమ బంతి దాదాపు రెండు మీటర్లు దాటేస్తుంది. స్టేడియం మొత్తం లేచి అరిచినప్పుడు, సిక్సా క్యాచా అని అడిగాను. ‘‘ఆగు బ్రదర్, చూసి చెప్తా’’ అని స్క్రీన్ మీద వెనక్కి జరుపుతూ కూర్చున్నాడు.

తాత్పర్యం: సులభం గనుక రాయలేదు.

పాఠాంతరం: రెండో ఇన్నింగ్స్‌లో ‘బ్రదర్’ స్థానే ‘అంకుల్’ అని వినిపించింది. ఇది నిస్సందేహంగా ప్రక్షిప్తం.