డెలివరీ కుర్రాడి ఆవకాయ

పన్ను తగ్గించాం, పండగ చేసుకోండి అన్నారు. నవరాత్రుల మొదటి రోజు, సెప్టెంబర్ 22 నుంచి ‘జీఎస్టీ బచత్ ఉత్సవ్’ అని సాక్షాత్తూ ప్రధానమంత్రే ముందురోజు సాయంత్రం టీవీలో చాటింపు వేశారు కనక, ఆన్‌లైన్లో ఊరగాయలు అమ్ముకునే మా పిన్ని గుమ్మానికి మామిడాకులు కట్టింది. ఊరగాయ మీద 12 శాతం కాస్తా 5 అయింది మరి. ఆ ఆకులు వాడకముందే ఆడిటరు గారు వచ్చి, “అమ్మా, ఇకమీదట కిలోకి 8 రూపాయల 80 పైసలు మీవి సర్కారు దగ్గరే ఉండిపోతాయి” అని చల్లగా చెప్పారు.

లెక్క ఇదీ. కిలో ఆవకాయ 400, డెలివరీ ఉచితం. (ఉచితం అంటే పిన్ని కొంగుముడి లోంచి అని అర్థం.) కమీషనూ కొరియరూ కలిపి యాప్ వాళ్లు 160 పట్టుకుంటారు. దాని మీద 18 శాతం జీఎస్టీ, 28.80. మొన్నటిదాకా ఊరగాయ మీద 48 రూపాయల పన్ను వచ్చేది. అందులో ఈ 28.80 మినహాయించుకుని మిగతాది కట్టేసేది. ఇప్పుడు వచ్చేదే 20. మినహాయింపూ 20 దగ్గరే ఆగుతుంది. మిగిలిన 8.80 పోర్టల్లో క్రెడిట్ అనే పేరుతో కనిపిస్తుంది. కనిపిస్తుంది, అంతే. కొనుక్కునేవాడికి పండగే, కాదనను.

“తిరిగిమ్మని అడగొచ్చు కదండీ?” అన్నాను.

అడగొచ్చట, సీసాకి. సీసా మీద కట్టిన పన్ను రేటు ఊరగాయ పన్ను రేటుకన్నా ఎక్కువ కాబట్టి, ఒక సూత్రం పెట్టి గుణించి భాగించి కాస్త రిఫండ్ ఇస్తారు. ఎందుకంటే సీసా వస్తువు. మూత వస్తువు. లేబులు వస్తువు. కొరియర్ మాత్రం సేవ. ఈ రిఫండ్ ‘ఇన్‌పుట్’కే, చట్టంలో ‘ఇన్‌పుట్’ అంటే వస్తువే. 2021 సెప్టెంబర్ 13న వీకేసీ అనే చెప్పుల కంపెనీ కేసులో సుప్రీంకోర్టు కూడా ఆ గీతని అలాగే ఉంచింది. 2022లో సూత్రాన్ని కాస్త సరిదిద్దారు గానీ, సేవలు గడప అవతలే నిలబడి ఉన్నాయి.

కాబట్టి మాకు మిగిలిన మార్గం ఒక్కటే. డెలివరీ కుర్రాణ్ణి వస్తువుగా మార్చెయ్యాలి.

వస్తువు అనిపించాలంటే సరుకులో కలిపెయ్యాలి. సరే, పాళ్లు రాసుకోండి: మామిడికాయ ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, పప్పునూనె, ఒక కుర్రాడు. హెల్మెట్ తీసి వెయ్యాలా, ఉంచాలా అన్న ప్రశ్న వచ్చింది. “టెంక ఉంటేనే ముక్క ఏడాది నిలవుంటుంది. ఉండనీ,” అంది పిన్ని. బండిని మాత్రం దింపెయ్యాలి. అది క్యాపిటల్ గూడ్స్, దానికీ రిఫండ్ లేదు. పెట్రోలు అసలు జీఎస్టీలోనే లేదు, ఆ వాసన కూడా తగలకూడదు. అందుకని కుర్రాడికి తలంటి, తడి లేకుండా తుడిచి, ఎండలో ఆరబెట్టాలి. తడి ఉంటే బూజు పడుతుంది.

తరవాత కుర్రాడికి పన్ను కోడ్ వెతకాలి. హెచ్ఎస్ఎన్ పుస్తకంలో మొదటి అధ్యాయమే సజీవ జంతువులు. గుర్రం ఉంది, గాడిద ఉంది, గేదె ఉంది, కోడి ఉంది. కుర్రాడు లేడు. “గాడిద కింద చూపిద్దామా? మోసేది అంతకన్నా తక్కువేం కాదుగా,” అన్నాను. ఆడిటరు గారు తల అడ్డంగా ఊపారు. గాడిద మీద పన్నే లేదట. పన్ను లేనిచోట క్రెడిట్ ఎక్కడ పుడుతుంది?

(యాప్ వాళ్లేమో అతణ్ణి ‘పార్ట్‌నర్’ అంటారు. ఉద్యోగీ కాడు, వస్తువూ కాడు. దేశంలో ఇంత తేలిగ్గా మాయమయ్యే పదార్థం ఇంకోటి లేదు.)

అసలు చిక్కు మూడో రోజు వస్తుంది. తిరగ కలిపేసరికి కుర్రాడు ఊరిపోతాడు. ఊరాక వాడూ ఊరగాయే, 5 శాతమే! ఊరీ ఊరకముందే, రెండో రోజు రాత్రి, ఇన్వాయిస్ కొట్టెయ్యాలి.

ఆడిటరు గారు పుస్తకం మూస్తూ ఇంకో సంగతి చెప్పారు. పిన్ని డెలివరీకి విడిగా 80 రూపాయలు వేసుకుందనుకోండి, దాని మీద పన్ను 18 కాదు, 5. ఊరగాయతో పాటు వెళ్లేది కనక దానికీ ఊరగాయ రేటే. అంటే మేం రాత్రంతా జాడీ ముందు కూర్చుని చెయ్యలేని పని చట్టం ఎప్పుడో చేసేసింది. బిల్లు వేసేటప్పుడు ప్రయాణం ఊరగాయలో భాగం. రిఫండ్ అడిగేటప్పుడు ప్రయాణం వేరు, ఊరగాయ వేరు. ఏ వేలితో కలిపారో ఆ వేలితోనే విడదీస్తున్నారు.

సర్కారు వారూ, ఇది ఎవరి సొమ్మండీ? ఆవిడ చేతికి రాకముందే కోసుకున్న పన్ను. వెయ్యి కిలోలు అమ్మితే 8,800. ఎంత కష్టపడితే అంత ఇరుక్కుంటుంది. వంద రకాల సరుకు అమ్మే పెద్ద కంపెనీ, 18 శాతం సరుకు మీద వచ్చే పన్నులో దీన్ని సర్దేసుకుంటుంది. ఆవకాయ ఒక్కటే తెలిసిన మనిషి ఎందులో సర్దుకోవాలి? వీధిలో అమ్ముకుంటే ఆంధ్రాలో 40 లక్షల దాకా రిజిస్ట్రేషనే అక్కర్లేదు, కానీ హైదరాబాదుకి ఒక్క కిలో పంపినా చేయించుకోవాల్సిందే అన్నది మీరు. రిటర్ను ఒక్క రోజు ఆలస్యమైతే రుసుము వేసేది మీరు. ఆవిడ మీకు బాకీ పడితే 18 శాతం వడ్డీ. మీరు ఆవిడకి బాకీ పడితే దాని పేరు క్రెడిట్! రేటు తగ్గిస్తే ఇలా అవుతుందని జీఎస్టీ కౌన్సిల్ 56వ సమావేశంలో కూర్చున్నవాళ్లకి తెలీదంటే నేను నమ్మను. తెలుసు. ఆవకాయ అమ్ముకునేవాళ్లు ఏ కోర్టుకీ ఎక్కరని కూడా తెలుసు.

పిన్ని ఫోనులో లెడ్జర్ తెరిచి, కళ్లద్దాలు సరిచేసుకుని అడిగింది: “నాన్నా, ఇందులో కనపడే డబ్బులకి శెట్టి గారి కొట్లో ఆవాలు ఇస్తారా?”

ఆడిటరు గారు అప్పటికే గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నారు.