హిట్టు పాట నుంచి హస్తస్పర్శ దాకా

జనప్రియ సంగీతంలో హిట్టు పాట ఆయుష్షు కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు. నడుము నొప్పి, నిద్రలేమి, దిగులు వంటి బాధల ఆయుష్షు తరచుగా మనిషి ఆయుష్షుతో సమానం. ఈ చిన్న లెక్క తెలిసిన పాప్ గాయకులు, శ్రోతలు కొత్త గొంతు వైపు మళ్ళిన తర్వాత, ఆధ్యాత్మిక చికిత్స వైపు తాము మళ్ళడంలో ఆశ్చర్యపడవలసినది ఏమీ లేదు. మందూ శస్త్రమూ లేకుండా, చేతి స్పర్శతోనో, ప్రార్థనతోనో, కంటికి కనిపించని శక్తుల సాయంతోనో రోగిలో నిద్రపోతున్న స్వస్థతను మేల్కొలుపుతామనే వ్యాపకానికి ఆధ్యాత్మిక చికిత్స అని పేరు. దీనికి కావలసిన పెట్టుబడిలో పెద్ద వాటా గాయకుల దగ్గర ముందే సిద్ధంగా ఉంటుంది: జనానికి తెలిసిన ముఖం, మెత్తని గొంతు, వెలుతురు ఎక్కడ తగ్గించాలో తెలిసిన కన్ను, అన్నిటికీ మించి ఒకే మాటను విసుగు పుట్టకుండా పదేపదే అనగల అభ్యాసం.

ఈ చివరి విద్యకు ఒకప్పుడు మ్యూనిక్ నగరమే గురుకులం. అక్కడ రూపుదిద్దుకున్న సిల్వర్ కన్వెన్షన్ అనే డిస్కో బృందం పాట ‘ఫ్లై, రాబిన్, ఫ్లై’ 1975లో అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో, అంటే అమ్మకాలనూ రేడియో ప్రసారాలనూ లెక్కగట్టి వారం వారం పాటలకు స్థానాలిచ్చే పట్టికలో, మొదటి స్థానానికి చేరింది. పాట మొత్తంలో వేర్వేరు పదాలు ఆరంటే ఆరే. ఆ ఆరింటినీ గ్రామీ పురస్కారాల వారు సాహిత్యం కింద జమకట్టినట్టు లేదు. రిథమ్ అండ్ బ్లూస్ విభాగంలో దానికి వాద్యసంగీత బహుమతి ఇచ్చారు. ఆ బృందంలోని ముగ్గురు గాయనులలో ఒకరైన పెన్నీ మెక్లీన్, అదే ఏడాది ‘లేడీ బంప్’ పాటతో సొంతంగానూ పేరు తెచ్చుకొని, డిస్కో హోరు సద్దుమణిగాక సంఖ్యాశాస్త్రం మీద, ప్రతి మనిషికీ తోడుగా ఉంటారని చెప్పే రక్షకదేవతల మీద పుస్తకాలు రాయడానికి పూనుకున్నారు. ఆరు పదాలతో లోకాన్ని ఆడించిన బృందం నుంచి వచ్చిన వారికి ఇన్ని పుటలు ఎలా నిండాయన్నది పెద్ద చిక్కుప్రశ్నేమీ కాదు. పాటలో ప్రతి పదమూ తాళానికి జవాబు చెప్పుకోవాలి. రక్షకదేవత ఎవరికీ జవాబు చెప్పుకోనక్కరలేదు.

ఆస్ట్రియాలో పుట్టిన క్రిస్టియన్ ఆండర్స్ దారి ఇంకొంచెం ఎత్తుకు పోయింది. సులువైన బాణీలో ప్రేమనూ విరహాన్నీ పాడుకునే జర్మన్ పాప్‌ను ష్లాగర్ అంటారు. ఆ శాఖలో ఆయన 1972లో గమ్యమంటూ లేని రైలు గురించి పాడిన పాట విపరీతంగా మోగింది. తరవాతి కాలంలో ఆయన లానూ అనే పేరుతో, ఈసారి గమ్యం తనకు తెలుసునంటూ, ఆధ్యాత్మిక బోధకుడిగా వెలిశారు. దివ్యజ్ఞాన సమాజాన్ని నెలకొల్పినవారిలో ఒకరైన బ్లావట్‌స్కీ తన పుస్తకంలో శిష్యుడికి వాడిన పేరు అది. అంతటితో ఆగక, ఎయిడ్స్ వ్యాధి మనుషులు సృష్టించినదేనని ఆయన పుస్తకం రాశారు. వైరస్ జన్యువులలో మార్పులు ఎంత వేగంగా పోగుపడతాయో చూసి దాని వయసును అంచనా కట్టే పద్ధతి ఒకటి ఉంది. దాని ప్రకారం, ప్రపంచమంతా వ్యాపించిన హెచ్ఐవీ తెగకు మూలమైన వైరస్ 1908 ప్రాంతానిదని 2008లో పరిశోధకులు ప్రకటించారు. వైరస్‌ను చూడగల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని 1930లలో గానీ రాలేదు కాబట్టి, ఆ సృష్టికర్తలు ఎవరైనా సరే, తాము చేస్తున్న వస్తువును కళ్ళతో చూడకుండానే చేసి ఉండాలి.

ఇదే దివ్యజ్ఞాన సమాజం మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని అడయారులో బాలుడిగా ఉండగానే గుర్తించి, జగద్గురువుగా తీర్చిదిద్దాలని చూసింది. ఆయన 1929లో నెదర్లాండ్స్‌లోని ఓమెన్ శిబిరంలో, తన కోసమే కట్టిన సంఘాన్ని తానే రద్దు చేసి, కానుకగా వచ్చిన కోటనూ భూములనూ తిరిగి ఇచ్చేశారు. ఆయన చేతికి నయం చేసే గుణం ఉందని ఆప్తులు చెప్పుకున్నా దాన్ని ఆయన వృత్తిగా మార్చుకోలేదు. ఒక్క హిట్టు పాట కూడా లేకుండా ఇంత పెద్ద పీఠం ఒళ్ళోకి వచ్చిపడితే వద్దన్న మదనపల్లె మనిషి, వ్యాపార దృష్టితో చూస్తే, బొత్తిగా లౌక్యం తెలియనివాడే.

పాటల వ్యాపారాన్ని చిన్నచూపు చూడడం మేధావులకు పరిపాటి గానీ, చికిత్స పక్కన పెట్టి చూస్తే అదెంత నిజాయతీ గల వ్యాపారమో తెలుస్తుంది. పాట నచ్చకపోతే రికార్డు అమ్ముడుపోదు, చార్టులో జారుతుంది, ఆ జారుడు అందరికీ కనిపిస్తుంది. పాట ఫెయిలైతే శ్రోత చెవిలో లోపముందని ఏ గాయకుడూ అనడు. చికిత్సలో ఈ బాధ లేదు. రోగం తగ్గితే ఘనత చికిత్సకుడిది. తగ్గకపోతే రోగికి విశ్వాసం చాలలేదు, పూర్వకర్మ అడ్డుపడింది, లేదా ఇంకా నాలుగు విడతలు కావాలి. ఆడలేక మద్దెల ఓడన్న సామెతలో నాట్యగత్తె కనీసం మద్దెలను నిందించింది. ఇక్కడ నింద నేరుగా టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడి మీదకే పోతుంది.

ఈ విద్యను పరీక్షించడం అసాధ్యమనే మాట కూడా నిలవదు. రోగిని తాకకుండానే అతని చుట్టూ ఉండే శక్తిక్షేత్రాన్ని అరచేతులతో గుర్తించి సరిదిద్దుతామనే పద్ధతికి థెరప్యూటిక్ టచ్ అని పేరు. అమెరికాలో ఎమిలీ రోజా అనే తొమ్మిదేళ్ళ బాలిక, బడిలో సైన్సు ప్రదర్శన కోసం, ఒక అట్టతెర నిలబెట్టి దాని కంతల్లోంచి చికిత్సకులను రెండు చేతులూ చాపమని, తన చెయ్యి వారి ఏ చేతికి దగ్గరగా ఉందో చెప్పమని అడిగింది. 21 మంది చికిత్సకులు 280 సార్లు ప్రయత్నించి 44 శాతం మాత్రమే సరిగా చెప్పారు. 1998లో అమెరికా వైద్యసంఘం పత్రికలో ఇది అచ్చయింది. రూపాయి బిళ్ళ ఎగరేసి ఉంటే సగానికి సగమైనా దక్కేది. దూరం నుంచి చేసే ప్రార్థన మీద 2006లో వెలువడిన అధ్యయనంలో, గుండె బైపాస్ శస్త్రచికిత్స జరిగిన 1,802 మందిని పరిశీలించగా, తమ కోసం ప్రార్థన జరుగుతున్నదని ముందే తెలిసిన వారిలో 59 శాతం మందికి చిక్కులు ఎదురయ్యాయి. ఎవరూ ప్రార్థించని వారిలో 51 శాతం మందికే. పాట వింటే మనసు కుదుటపడుతుందన్నది మాత్రం నిజమే. అయితే ఆ పని అది పాటగా ఉన్న రోజుల్లోనే చేసేది, టిక్కెట్టూ చవకే.

జర్మనీలో ఈ వృత్తికి చట్టం కూడా దారి చూపింది. వైద్య పట్టా లేకుండా చికిత్స చేసేవారు 1939 నాటి చట్టం ప్రకారం అనుమతి పొంది హైల్‌ప్రాక్టికర్ అనిపించుకోవాలి. దానికి ఆరోగ్యశాఖ పెట్టే పరీక్ష నెగ్గాలి. ఆత్మశక్తితో నయం చేసేవారికి ఈ పరీక్ష అక్కరలేదని రాజ్యాంగ న్యాయస్థానం 2004లో తేల్చింది. వారు చేసేది వైద్యం కన్నా మతకర్మకు దగ్గరగా ఉంది కనుక వైద్యజ్ఞానం అవసరం లేదన్నది తర్కం; తమ సేవ డాక్టరుకు బదులు కాదని రోగికి చెబితే చాలు. భారతదేశంలో 1954 నాటి మేజిక్ రెమెడీస్ చట్టం మంత్రాలూ తాయెత్తులతో రోగాలు కుదురుతాయనే ప్రకటనలను నిషేధించింది గానీ, ఏ పండగ సంచికనైనా తిరగేస్తే ఆ చట్టం ఆరోగ్యం ఎలా ఉందో కనిపిస్తుంది. జర్మనీలో బహిరంగంగా మోగే పాటలకు రుసుము వసూలు చేసి రచయితలకూ స్వరకర్తలకూ పంచే సంస్థ పేరు గేమా. పాత గాయకుడు కొత్త చికిత్సాశిబిరంలో వాతావరణం కోసం తన పాత పాటనే మోగించినా గేమాకు లెక్క అప్పజెప్పాలి. ఆ శిబిరంలో ఎందరికి ఏ రోగం తగ్గిందో అడిగే కార్యాలయం మాత్రం లేదు.