అంకుశం ఖర్చు

అమెరికాలో తెలుగువాడికి నలభై అయిదు దాటాక ఏదో ఒక పిచ్చి పట్టి తీరుతుంది. కొందరికి గోల్ఫు, కొందరికి పెరట్లో గోంగూర, మరికొందరికి తెలుగు సంఘం ఎన్నికలు. నాకు పాత కోకా-కోలా సీసాల మిషను పిచ్చి పట్టింది. ఇది కొనకపోతే నేనూ సంఘం ఎన్నికల్లో నిలబడేవాణ్ణని మా ఆవిడతో అన్నాను. "దానికే తక్కువయ్యేది" అంది.

మిషను పేరు వెండో 81. కాన్సాస్ సిటీలో పుట్టిన వెండో కంపెనీ 1950లలో చేసింది. పైన తెలుపు, కింద ఎరుపు, గుండ్రటి భుజాలు, ఒక పక్కన సన్నటి నిలువు తలుపు. నాణెం వేసి, ఆ తలుపు తీసి, సీసా లాక్కోవాలి. ఓక్లహోమాలో ఒక రైతు కొట్టంలో గడ్డిమోపుల వెనకాల దొరికింది. పని చేస్తుందా అని అడిగితే, "మా నాన్న ఉన్నప్పుడు చేసేది" అన్నాడాయన. నాన్న ఎప్పుడు పోయాడని అడగటం మర్యాద కాదని ఊరుకున్నాను.

డాలస్ చేరాక తలుపు తీస్తే లోపల ఎలుకలు వంశపారంపర్యంగా కాపురం చేసిన ఆనవాళ్ళు. వైర్ల మీది గుడ్డతొడుగు ముట్టుకుంటే రాలిపోతోంది. చల్లబరచడానికి ఆ రోజుల్లో ఆర్-12 గ్యాసు వాడేవారు. ఓజోన్ పొరకి చిల్లు పెడుతోందని 1995 చివరికల్లా ఈ దేశంలో దాని తయారీ ఆపేశారు. ఇప్పుడా గ్యాసు జోలికి వెళ్ళాలంటే ప్రభుత్వం గుర్తించిన సర్టిఫికెట్టు ఉండాలి. అది ఉన్న మెకానిక్కు వచ్చాడు. మిషన్ని చూశాడు, నన్ను చూశాడు, ముందు ఎవరికి వైద్యం చెయ్యాలో తేలక కాసేపు నిలబడ్డాడు. చివరికి కంప్రెసరే మార్చాడు. పాత రంగులో సీసం ఉండొచ్చని మూతికి మాస్కు కట్టుకుని గీకాను. తలుపు రబ్బర్లు, తాళం, స్టిక్కర్లు... ఇలాంటి పిచ్చివాళ్ళ కోసమే వీటిని కొత్తగా తయారుచేసి అమ్మేవాళ్ళున్నారు. ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనకాడకూడదంటారు గానీ, అంకుశం ధర ఏనుగుకి మూడింతలని సామెతలో ఎక్కడా లేదు.

ఇంత చేస్తే, అది తీసుకునేది అయిదు సెంట్ల నికెల్ ఒక్కటే. అందులోనే ఉంది అసలు కథ. 1886లో మొదలుపెట్టిన అయిదు సెంట్ల ధరని కోకా-కోలా డెబ్బై ఏళ్ళు దాటినా వదలలేకపోయింది. ఒక కారణం ఈ మిషన్లే. ఆరు సెంట్లు చేద్దామంటే ఆరు సెంట్ల నాణెం లేదు. పది సెంట్ల డైమ్ వెయ్యమంటే ధర ఒక్కసారిగా రెట్టింపవుతుంది. 1953లో కంపెనీ పెద్ద రాబర్ట్ వుడ్‌రఫ్, తనకి స్నేహితుడైన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌ని ఏడున్నర సెంట్ల నాణెం ముద్రించమని కోరాడు. శీతల పానీయం కోసం దేశం టంకశాలనే మార్చమన్న వ్యాపారి దమ్ముకి దండం పెట్టాలి. నాణెం మాత్రం రాలేదు. నికెల్ 1866లో ఎంత బరువుందో ఇవాళా అంతే, అయిదు గ్రాములు. అందుకే నిన్న బ్యాంకులో తెచ్చిన నాణేన్ని కూడా నా మిషను గుర్తుపడుతుంది.

ఇంటికొచ్చే చుట్టాల దగ్గర చిల్లర ఎక్కడిది? ఫోను చూపిస్తారు. కాబట్టి పక్కన గిన్నె నిండా నికెళ్ళు నేనే పెట్టాను. నా నాణెం, నా సీసా, నా కరెంటు. మా ఆవిడ లెక్కల మనిషి. మొత్తం ఆరువేల డాలర్లు రాబట్టుకోవాలంటే లక్షా ఇరవై వేల సీసాలు అమ్మాలని తేల్చింది. "అదీ సీసాలు మనకి ఊరికే వస్తే" అని చేర్చింది.

తెనాలి నుంచి వచ్చిన మామగారికి మిషను నచ్చింది గానీ, ఆశ్చర్యమేమీ కలగలేదు. "గోలీ సోడాకి బొటనవేలు చాలు కదండీ, దీనికింత బీరువా ఎందుకు?" అన్నారు. హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన 1872లో ఆ గోలీ సీసాకి పేటెంటు తీసుకున్నాడనీ, లోపలి గ్యాసే గోలీని రబ్బరుకి అదిమి పెడుతుందనీ వివరించబోయాను. "తెలుసు బాబూ, చిన్నప్పుడు ఎన్ని పగలగొట్టాం!" అన్నారు.

నష్టం పూడ్చుకోవడానికి కంపెనీ చరిత్రలోనే ఒక ఉపాయం దొరికింది. ధర పెంచలేక కొన్నాళ్ళు వాళ్ళొక ప్రయోగం చేశారు. మిషన్లో తొమ్మిదింట ఒకటి ఖాళీ సీసా. అది తగిలిన దురదృష్టవంతుడు ఇంకో నికెల్ వేసుకోవాలి. ఆ లెక్కన సీసా సగటున 5.625 సెంట్లు పడుతుంది. దేశమంతటా అమలు చేసే ధైర్యం వాళ్ళకి లేకపోయింది. నాకుంది. ఒక ఖాళీ సీసాకి మూత బిగించి వరసలో దూర్చాను.

అది మామగారికే తగిలింది. చేత్తో ఊపారు. దీపానికి ఎత్తిపట్టి చూశారు. మూత తీసి వాసన చూశారు.

"అల్లుడుగారూ, తాగేసి మళ్ళీ లోపల పెట్టారా?"

ప్రయోగం గురించి చెప్పాను. శ్రద్ధగా విన్నారు. బాగుందన్నారు. గిన్నె అప్పటికి ఖాళీ అయిపోవడంతో, రెండో నికెల్ కోసం నావైపు చెయ్యి చాచారు.