రోజుకు ఎనిమిది రోజుల కోత

కృష్ణా నీళ్లు పంచమని 2004లో బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ వేశారు. ఆ ఏడే కృష్ణకు పుష్కరాలు. 2016లో మళ్లీ వచ్చాయి. జనం మునిగారు, లేచారు. పంచాయితీ మాత్రం మునిగినచోటే ఉంది. 2010లో ఒక నివేదిక, 2013లో ఇంకొకటి. సుప్రీంకోర్టు ఆపడంతో రెండూ గెజిట్ మొహం చూడలేదు. 2014లో రాష్ట్రం రెండైంది. ఇక గడువు తీరడం, పొడిగించడం, మళ్లీ తీరడం. 2023లో కేంద్రం 'ఇవీ విచారించండి' అంటూ కొత్త అంశాలు అప్పజెప్పింది. ఈలోగా, బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికిచ్చిన 811 టీఎంసీలను ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అని 2015లో రాసుకున్నారు. తాత్కాలికమట! మన దగ్గర తాత్కాలికానికున్న ఆయుష్షు ఆనకట్టలకు కూడా ఉండదు.

పంపకం చేతకాదని ఎవరన్నారు? 2023 నవంబరు 30న, తెలంగాణ ఓట్లేసే రోజు తెల్లారేసరికి నాగార్జునసాగర్ మీద ఆంధ్ర పోలీసులు. ఉన్న గేట్లు 26, సగం 13. లెక్క చూసుకుని డ్యాం మీద అడ్డంగా ముళ్లకంచె వేశారు. ఏళ్లకేళ్లు తెగని వాటా ఒక్క రాత్రిలో తీగచుట్టతో తెగింది. కింద నీళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇక సింగరేణి బాయి కాడికి రండి. కాలం విలువ అక్కడ తెలుస్తుంది. షిఫ్టు దాటి వస్తే మస్టరు పడదు. సమ్మె చేయాలంటే 14 రోజుల ముందు నోటీసు. నోటీసు లేకుండా పదిమంది కూడబలుక్కుని ఒక్కరోజు మానితే ఎనిమిది రోజుల జీతం కోయొచ్చని చట్టమే చెబుతుంది. 2021 డిసెంబరులో నాలుగు బొగ్గు బ్లాకుల వేలం వద్దంటూ కార్మికులు మూడు రోజులు బాయి దిగకపోతే, పోయిన ఉత్పత్తికి టన్నుల్లో లెక్కలు కట్టారు. నది దగ్గరికొచ్చేసరికి ఆ లెక్కల మాస్టారు సెలవు పెడతాడు కాబోలు.

ఈ బాయి మనుషులే 2011లో సకల జనుల సమ్మెలో నెల దాటి పని ఆపారు. దసరా కూడా సమ్మెలోనే వెళ్లిపోయింది. నీళ్లు, నిధులు, నియామకాలు అన్నారు. వరసలో మొదటిది నీళ్లే. రాష్ట్రం వచ్చింది, నీళ్ల ఫైలు ఢిల్లీలో వాయిదా మీద ఉంది.

చట్టం ముందు అందరూ సమానమే కనుక ఒక మనవి. పొడిగించిన ప్రతి రోజుకూ, అడిగినవాళ్లకూ ఇచ్చినవాళ్లకూ కలిపి, ఎనిమిది రోజుల జీతం కోయండి. పదేళ్లకు 80 ఏళ్ల బాకీ తేలుతుంది. అది తీర్చడానికి వాళ్లు అడిగేదీ మరో పొడిగింపే.