శేరు చెప్పిన జొన్నల లెక్క

నేను ఇనుప శేరును. నా బతుకంతా ఉరుకుందలో ఒక రైతింట్లోనే. శ్రావణమాసం వస్తే ఈరన్నస్వామి దర్శనానికి కర్ణాటక నుంచి కూడా జనం తరలివచ్చే ఊరు ఇది. కళ్లంలో నాతో జొన్నలు కొలిచేటప్పుడు మొదటి శేరును ‘ఒకటి’ అనేవారు కాదు, ‘లాభం’ అనేవారు. ఆ తర్వాతే రెండు, మూడు. 1956 చట్టంతో కిలోలు వచ్చాక ఇంట్లో గింజలు నిలవ ఉంచడానికే మిగిలాను.

ఎమ్మిగనూరులో చదువుకునే ఈ ఇంటి పాప సెలవులకు వచ్చి, చెస్ బోర్డు ముందేసుకుని నాలోంచి జొన్నలు తీసింది. మొదటి గడిలో ఒక గింజ, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు, ఇలా ప్రతి గడికీ రెట్టింపు.

“ఏం పాపా, జొన్నలన్నీ కింద పోస్తాండావే?” అంది అవ్వ.

“లెక్క చేస్తాండా అవ్వా.”

మొదటి వరుస ఎనిమిది గళ్లకు 255 గింజలు. 16 గళ్లకు 65,535. గింజకు 30 మిల్లీగ్రాముల చొప్పున రెండు కిలోలకు కాస్త తక్కువ. సగం బోర్డు, అంటే 32 గళ్లు నిండాలంటే సుమారు 129 టన్నులు కావాలి. మొత్తం 64 గళ్లకు 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. తూకంలో 55 వేల కోట్ల టన్నులు దాటుతుంది. దేశమంతా ఇప్పుడు ఏటా పండించే తిండిగింజలను 1,500 ఏళ్లకు పైగా కూడబెడితే అంత అవుతుంది.

ఈ గింజల సంఖ్యను తెలుగువాళ్లు ఎప్పుడో పద్యంలో దాచుకున్నారు. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని 11వ శతాబ్దిలో తెలుగు చేసిన పావులూరి మల్లన పేరుతో ఆ పద్యం ప్రచారంలో ఉంది. అందులో అంకెలకు బదులు పేర్లుంటాయి: బాణాలంటే 5, చంద్రుడంటే 1, వేదాలంటే 4. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఇరవై అంకెలూ వరసగా వస్తాయి. పద్యం నోటికొస్తే సంఖ్య తప్పిపోదు. ఇంత పెద్ద సంఖ్యను ఇంత భద్రంగా మోసే కొలపాత్ర ఇంకొకటి ఉందనుకోను.

కానీ నన్ను కట్టిపడేసింది దాని పెద్దతనం కాదు, లోపలి అమరిక. ఎన్ని గళ్లు నింపినా, మొత్తం తర్వాతి గడికి రావలసిన గింజలకంటే ఒకటి తక్కువ. అంటే మన సంఖ్య 64 రెండ్లను గుణించి ఒకటి తీసేయగా వచ్చినది. పాప బడిలో నేర్చిన a² − b² = (a − b)(a + b) ఇక్కడ చక్కగా పనిచేస్తుంది. గళ్లు రెట్టింపైనప్పుడల్లా పాత మొత్తం ఒక కొత్త సంఖ్యతో గుణించబడుతుంది. రెండు గళ్లకు 3, నాలుగుకు 3×5, ఎనిమిదికి 3×5×17, పదహారుకు ఇంకో 257, ముప్పై రెండుకు ఇంకో 65,537. ఈ అయిదూ ప్రధాన సంఖ్యలే. ఇదే వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని ఫ్రాన్సులో ఫెర్మా అనే గణితవేత్త నమ్మాడు. అరవై నాలుగు గళ్లకు వచ్చే 4,29,49,67,297 కూడా అంతేనని ఆయన అంచనా. దాన్ని 641 భాగిస్తుందని 1732లో ఆయిలర్ అనే మరో గణితవేత్త చూపించాడు. భాగఫలం 67,00,417. ఆ రెండూ ప్రధాన సంఖ్యలే.

పాప ఏడు సంఖ్యలనూ నోటుబుక్కులో రాసి, ఒక్కొక్కటిగా గుణించుకుంటూ వచ్చింది. ఇరవై అంకెలూ సరిగ్గా దిగాయి. ఏడూ వేర్వేరు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండోసారి రాదు. భాజకం తయారు కావాలంటే ఒక్కోదాన్ని తీసుకోవాలి, లేదా వదిలేయాలి. ఏడింటికీ రెండేసి దారులు కాబట్టి భాజకాలు 128, బోర్డు మీది గళ్లకు సరిగ్గా రెట్టింపు.