తెరతుడుపు సూత్రము (టీకాతాత్పర్యసహితము)

అవతారిక

1985లో వెలువడిన అటారీ ఎస్‌టీ అను కంప్యూటరునందు మోటరోలా 68000 ప్రాసెసరు కలదు. దాని తెర అడ్డముగా 320, నిలువుగా 200 చుక్కలు, రంగులు 16. చుక్క ఒక్కింటికి 4 బిట్ల చొప్పున తెర యావత్తు 32,000 బైట్ల మెమరీ. సెకనుకు 50 మార్లు తెర మారునట్టి ఐరోపా పద్ధతిలో, 8 మెగాహెర్ట్జ్ ప్రాసెసరుకు మారు ఒక్కింటికి దక్కునవి సుమారు 1,60,000 సైకిళ్లు. పాత బొమ్మ చెరుపుట, కొత్త బొమ్మ గీయుట, ఆటలోని శత్రువులను కదుపుట, సంగీతము వాయించుట, అన్నియు ఇందులోనే జరుగవలెను. చెరుపుపని ఎంత తక్కువలో ముగియునో తెలుపుటకు ఈ సూత్రము పుట్టినది. దీనికి కర్తలు అనేకులు. ప్రతివాడును తానే మొదటివాడననును.

మూలము

మూవ్ #799, డీ0
మళ్లీ: మూవెమ్.ఎల్ డీ1-డీ7/ఏ1-ఏ3, -(ఏ0)
డీబీఆర్ఏ డీ0, మళ్లీ

ప్రతిపదార్థము

#799 = ఏడువందల తొంబదితొమ్మిది అను సంఖ్యను; డీ0 = డీ0 అను రిజిస్టరునందు; మూవ్ = ఉంచి; డీ1-డీ7 = డీ1 మొదలు డీ7 వరకు గల ఏడింటిని; ఏ1-ఏ3 = ఏ1 మొదలైన మూడింటిని (వెరసి పది; పదియు ముందే సున్నతో నింపబడినవి); (ఏ0) = ఏ0 చూపుచున్న చోటినుండి; - = వెనుకకు జరుగుచు; మూవెమ్.ఎల్ = ఒక్కొక్కటి 4 బైట్ల వంతున ఒకే ఆజ్ఞతో వ్రాసి; డీ0 = ఆ లెక్కను; డీబీఆర్ఏ = ఒకటి తగ్గించి, అది −1 కానంతవరకు; మళ్లీ = ఆ గురుతు కడకు మరల పొమ్ము.

తాత్పర్యము

పది సున్నలను ఒక్క ఊపున 40 బైట్లుగా వ్రాయుచు, 800 ఊపులలో తెరనంతను అడుగునుండి పైకి తుడిచివేయవలెనని భావము.

విశేషములు

శంక: 800 మార్లు తిరుగవలసియుండగా 799 ఏల?
సమాధానము: డీబీఆర్ఏ సున్న వద్ద ఆగదు, −1 వద్ద ఆగును. 800 అని వ్రాసినవాడు తెరకు ముందున్న 40 బైట్లను సైతము తుడుచును. అచ్చట ఏమి దాచుకొనెనో అతనికి అప్పుడు జ్ఞప్తికి వచ్చును.

శంక: చెరుపుటకే సీఎల్ఆర్ అను ఆజ్ఞ యుండగా ఇంత డొంకతిరుగుడు ఏల?
సమాధానము: ఇదియే ఈ సూత్రమునకు ప్రాణము. 68000కు బయటి దారి 16 బిట్ల వెడల్పు. ఆ దారిన ఒక్క రాకపోకకు 4 సైకిళ్లు. 4 బైట్లు వ్రాయవలెనన్న రెండు పోకలు, అనగా 8 సైకిళ్లు. ఇది తప్పని ఖర్చు. సీఎల్ఆర్ అయినచో ఆజ్ఞను తెచ్చుకొనుటకు 4, వ్రాయుటకు 8 మాత్రమేగాక, చెరుపబోవు చోట ఏమున్నదో ముందు చదువుటకు మరి 8 పుచ్చుకొనును. చదివినదానిని ఏమి చేయును? ఏమియు చేయదు. వెరసి 20. తెరకు అట్టివి 8,000, హెచ్చింపగా 1,60,000. చెరుపుటతోనే కాలము చెల్లినది, గీయుటకు శూన్యము. పైగా ఆ చోట మెమరీగాక పరికరమొకటి యున్నచో, ఉత్తపుణ్యానికి చదువుట దానిని కదిపినట్లగును.

సున్న నిండిన రిజిస్టరును మూవ్‌తో వ్రాసిన, చదువు ఖర్చు పోయి 12 మిగులును. మూవెమ్ అయినచో ఆజ్ఞను తెచ్చుటకు 8, పది రిజిస్టర్లకు 80, మొత్తము 88. 800 ఊపులకు 70,400; చుట్టు ఒక్కింటికి డీబీఆర్ఏ అడుగు 10ని కలుపగా 78,400. ఆజ్ఞ ఒక్కటి, పని పదింతలు అని గ్రహింపవలెను.

శంక: అడుగునుండి పైకి ఏల? పైనుండి క్రిందికి పోరాదా?
సమాధానము: మూవెమ్‌తో మెమరీనుండి తెచ్చుకొనునపుడు ముందుకు జరుగవచ్చును, మెమరీకి వ్రాయునపుడు జరుగుచు పోవుట వెనుకకే. కావున ఏ0ను తెర మొదట గాక తెర కడపట నిలుపవలెను. తడి నేలపై తమ పాదముద్ర పడకుండ వెనుకకు నడచుచు ఇల్లు కడుగువారికి ఇది వింతగాదు.

క్రమవిచారము: ఈ పదింటిలో ముందుగా ఏది వ్రాయబడును? ఏ3 మొదట, డీ1 కడపట అని శాస్త్రము. అన్నియు సున్నలే యగుటచే ఈ వివాదమున గెలిచినవానికి లభించునదియు అదియే.

అధికారవిచారము: డీ1 మొదలగువానికి మూవ్‌క్యూతో సున్న చేకూరును, ఏ1 మొదలగునవి మూవ్‌క్యూను అంగీకరింపవు, వానికి డీ1నుండి అరువు తేవలెను. డీ0 లెక్కకు, ఏ0 చోటుకు నియుక్తములు. ఏ7 స్టాక్ పాయింటరు; దానిని సున్న చేసినవాడు తాను వచ్చిన దారినే చెరుపుకొనును.

పాఠాంతరము: ఏ4, ఏ5, ఏ6లను గూడ చేర్చి 13 రిజిస్టర్లతో చదువువారు కలరు. ఊపుకు 52 బైట్లగును గాని, 615 ఊపులకు 31,980 వ్రాసి 20 బైట్లు మిగులును. ఆ మిగులునకు వేరొక పంక్తి కావలెను. 40చే 32,000 నిశ్శేషముగా భాగింపబడును గనుక మూలపాఠమే గ్రాహ్యము. మరికొందరు మూవెమ్‌ను వరుసగా 10 మార్లు వ్రాసి 80 చుట్లే త్రిప్పుదురు, 71,200కు దిగును. ఈ పాఠమున 799ని 79గా దిద్దుట మరువరాదు.

సిద్ధాంతము

వ్రాతకు 8 సైకిళ్ల వంతున 64,000 అనునది దారి ఇరుకుచే ఏర్పడిన హద్దు. 68000 చేత తెరనంతను తుడిపించు ఎంతటి విద్వాంసుడును దానికి దిగువకు పోజాలడు. సున్న వ్రాయుటకును తొమ్మిది వ్రాయుటకును ఖర్చు సమానము. తగ్గించుకొనదగినది ఆజ్ఞలు తెచ్చుకొను ఖర్చును, అక్కరలేని చదువును మాత్రమే. ఇక మిగిలిన ఉపాయము ఒక్కటి: మాయనిచోట తుడువకుండుట. 32 చుక్కల అడ్డము, 32 నిలువు గల ఓడ 16 చుక్కల హద్దుపై నిలిచినచో, దానిని చెరుపుటకు కావలసినది 512 బైట్లు.

ఫలశ్రుతి

ఈ సూత్రమును మూలమునందున్నట్లు ఆచరించువానికి 20 మిల్లీసెకన్లలో సుమారు 10 మిగులును. సీఎల్ఆర్‌ను నమ్మినవానికి ఏమియు మిగులదు. ఓడ నిలిచినంత మేర మాత్రమే తుడుచువానికి దాదాపు 20యు మిగులును. వానికి ఈ టీకతో పనిలేదు.