కాస్త కలిపి పెడతావా

నలభై రెండు రోజులు నేను అన్నం కలుపుకోలేదు. అయ్యప్ప దీక్ష కన్నా ఒక రోజు ఎక్కువే.

తినలేదని కాదు. రెండు పూటలా తిన్నాను. మా ఆవిడ పప్పన్నం కలిపింది, పులుసన్నం కలిపింది, పెరుగన్నం కలిపింది. కలిపి, చెంచా గుచ్చి, కంచం నా ఎడమ చేతి వైపు జరిపి "తినండి" అంది. కిక్కురుమనకుండా తిన్నాను. చేయించుకునేవాడికి నోరుండకూడదని నాకూ తెలుసు. కానీ లోపల మాత్రం రోజుకి రెండుసార్లు ఒకటే గొణుగుడు. ఇంత సమంగా కలుపుతారా ఎవరైనా?

భుజం ఎలా పోయిందని మాత్రం అడక్కండి. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి చెప్పి ఆ కథంటే నాకే విసుగు పుట్టింది. పైగా అందులో వీరత్వం బొత్తిగా లేదు. క్రికెట్ ఆడుతూ పడ్డానందామంటే వయసు ఒప్పుకోదు, బండి మీంచి పడ్డానందామంటే బండికి గీత కూడా పడలేదు. అటక మీంచి ఆవకాయ జాడీ దింపబోయాను. జాడీ క్షేమంగా దిగింది. నాలోనే ఏదో టప్పుమంది. పట్టేసిందనుకుని రెండు నెలలు బామ్ రాసుకుని, చివరికి చొక్కా తొడుక్కోవడమే గగనమయ్యాక ఎమ్మారై తీయించాం.

"నరం తెగిందా డాక్టరు గారూ?" అన్నాను.

"నరం కాదండీ, టెండాన్. భుజం కీలు చుట్టూ నాలుగు కండరాలుంటాయి. రొటేటర్ కఫ్ అంటాం. అందులో పైనున్నదాని టెండాన్ ఎముక నుంచి ఊడిపోయింది. కుట్టాలి."

కఫ్ అంటే నాకు తెలిసింది చొక్కా చేతి చివర గుండీ పెట్టుకునేది. అది ఊడితే కుట్టడానికి టైలరు ఇరవై రూపాయలు తీసుకుంటాడు. ఈయన చెప్పిన అంకె వేరు. "జాడీ అంత బరువుందా సార్?" అని బాధగా అడిగాను. ఆయన కాగితం మీద యాభై ఎనిమిది అన్న నా వయసు చూసి, "జాడీ తప్పేం లేదండీ. తాడు ముందే అరిగి ఉంది" అన్నాడు. అంత నిర్దాక్షిణ్యంగా జాడీ పక్షం వహించిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఆపరేషన్‌కి ముందు వారం ఎడమ చేతికి తర్ఫీదు ఇమ్మన్నారు. పళ్ళు తోమడం, గుండీలు పెట్టడం, చెంచా పట్టడం. ఎడమ చెయ్యి సంగతి మీకు తెలియంది కాదు. చిన్నప్పుడు దాంతో ఏది అందుకోబోయినా మా నాయనమ్మ ఫెడీమని ఒకటిచ్చేది. ఎవరికీ డబ్బులివ్వకూడదు, ప్రసాదం పుచ్చుకోకూడదు, అన్నం ముట్టకూడదు. యాభై ఎనిమిదేళ్ళుగా దానికి మనమిచ్చింది ఒకే ఒక్క ఉద్యోగం. ఆ ఉద్యోగంలోంచి దాన్ని హఠాత్తుగా లాక్కొచ్చి కంపెనీ మొత్తం నెత్తిన పెడితే అదేం చేస్తుంది? మొదటి రోజే టూత్ పేస్టు ముక్కుకి రాసింది. కక్షతో చేసిందనే నా అనుమానం.

ఆసుపత్రిలో చేరాక అందరికీ నా గురించి ఒకటే సందేహం. "కుడా, ఎడమా?" చేర్చుకున్నమ్మాయి అడిగింది. సూది గుచ్చినమ్మాయి అడిగింది. చంక గొరిగినాయన అడిగాడు, మత్తు డాక్టరు అడిగాడు, చివరికి డాక్టరు గారే వచ్చి అడిగి కుడి భుజం మీద స్కెచ్ పెన్నుతో బాణం గుర్తు వేశాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన చెక్‌లిస్టు ప్రకారం అలా అడగాల్సిందేనట. మంచి పద్ధతే, కాదనను. కానీ ఖాళీ కడుపుతో ఉన్నవాణ్ణి ఒకే ప్రశ్న అయిదుగురు అడిగితే, అయిదోసారికి వాడికే నమ్మకం పోతుంది. స్ట్రెచర్ మీద పడుకుని గాల్లో ముద్ద కలిపి చూసుకుని మరీ "కుడి" అన్నాను.

కూర్చోబెట్టి చేస్తారట. ఆ భంగిమ పేరు బీచ్ చెయిర్. సముద్రానికి ఆమడ దూరంలో లేని బెజవాడలో, లంకణంతో, వెనక గుడ్డ ముడులూడే గౌనులో నేను బీచ్ చెయిర్‌లో కూర్చున్నాను. మెడ పక్కన సూది పొడిచారు. చెయ్యి నాది కాకుండా పోయింది. మెలకువ వచ్చాక చూస్తే ఎవరిదో చెయ్యి నా పొట్ట మీద దిండుకి కట్టేసి ఉంది. గొంతు బొంగురుపోయింది. నొప్పి మాత్రం చీమంత లేదు. సాయంత్రం ఫోన్ చేసిన చుట్టాలందరికీ "ఇంతేనా! దీనికా ఇంత భయపడ్డాను!" అని కోతలు కోశాను. మత్తు రాత్రి రెండింటికి దిగింది. అప్పుడు ఒక్క చుట్టం కూడా ఫోన్ చెయ్యలేదు.

ఇంటికొచ్చాక పడక లేదు, పడక కుర్చీయే. వెల్లకిలా పడుకుంటే భుజంలో మేకు దింపినట్టుండేది (దింపిన మాట నిజమేలెండి, ఎముకలోకి మూడు దింపి వాటికి దారాలు బిగించారు). తాతగారి పడక కుర్చీని వాకిట్లో బట్టలారేయడానికి వాడుకున్న పాపం ఊరికే పోతుందా? నలభై రెండు రాత్రులు దాని గుడ్డలో గబ్బిలంలా వేలాడాను. చొక్కా తొడిగేటప్పుడు కోసిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు ఆ చెయ్యి చివర. పైజామా బొందు ఒంటి చేత్తో ముడెయ్యడం మానవమాత్రుల వల్ల కాదు. ఇంక దాని గురించి చెప్పను.

చూడ్డానికొచ్చినవాళ్ళలో పక్కింటి బాబాయి గారు నొచ్చుకున్నారు. "పుత్తూరు వెళ్ళాల్సిందిరా!" తిరుపతి జిల్లా పుత్తూరు కట్టు పేరు ఎవరికి తెలియదు? ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు. కానీ అది విరిగిన ఎముకకి. "నాకు ఎముక విరగలేదు బాబాయ్" అన్నాను. "విరిగేదాకా ఎందుకు ఆగడం?" అన్నారాయన. దానికి జవాబు ఇప్పటికీ తట్టలేదు.

సరే, కలపడం దగ్గరికి వస్తాను. దీని గురించి రెండే మాటలు చెబుతానని మాటిస్తున్నాను గానీ, నిలబెట్టుకోను.

ఆవకాయన్నం తీసుకోండి. అన్నం వేడిగా ఉండాలి. చెయ్యి చురుక్కుమనాలి, బొబ్బ ఎక్కకూడదు. ఆ వేడి ముందు వేళ్ళకి తెలిసి, వేళ్ళు నాలిక్కి కబురు పెట్టాలి. చెంచాతో తింటే ఆ కబురు అందదు, వేడి నేరుగా వచ్చి నాలిక మీద పడుతుంది. తర్వాత గుజ్జు. కంచంలో అన్నమంతటికీ ఒకేసారి పట్టించకూడదు. ఒక వార ఎర్రగా, ఒక వార లేత ఎరుపుగా, మధ్యలో అక్కడక్కడా తెల్ల మెతుకులు మిగలాలి. తర్వాతి ముద్ద ఎంత కారంగా ఉంటుందో నాలిక్కి తెలియకూడదు. ఈ పనంతా బొటనవేలిది. మా ఆవిడ కలిపితే కంచమంతా ఒకే రంగు. రెండు కోట్లు వేసిన గోడ. మొదటి ముద్దకీ చివరి ముద్దకీ తేడా ఉండదు. అది వంట రానివాళ్ళ లక్షణం అందామా అంటే ఊళ్ళో ఆవిడంత బాగా వండేవాళ్ళు లేరు. అసలు ఎవరి ముద్ద వాళ్ళదే. ముప్పయ్యేళ్ళు ఒకే గిన్నెలో పప్పు వడ్డించుకున్నాం, కానీ ఆవిడ పప్పన్నం వేరు, నా పప్పన్నం వేరు అని నాకు యాభై ఎనిమిదో ఏట తెలిసింది. నేను నెయ్యి ముందు వేస్తాను, ఆవిడ పప్పు ముందు వేస్తుంది. పెళ్ళిచూపుల్లో ఇలాంటివి ఎవరూ అడగరు.

ఇక చారు. చారుకి గట్టు కట్టాలి. అన్నాన్ని అరచేత్తో ఒత్తి, మధ్యలో గుంట చేసి, పోసిన చారు కంచం అంచు దాటకుండా చిటికెనవేలుతో ఆపుతూ మిగిలిన నాలుగు వేళ్ళతో కలపాలి. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. విగ్రహాలు పెట్టారు. నేను రెండు పూటలా అరనిమిషంలో కట్టి, తినేసి, మర్నాడు మళ్ళీ కట్టేవాణ్ణి. ఎవరూ గుర్తించలేదు, కట్టలేకపోయిన రోజున నేను తప్ప.

విచిత్రమేమిటంటే నా వేళ్ళకి ఏ రోగమూ లేదు. మణికట్టు బాగుంది, మోచెయ్యి బాగుంది. రోజూ స్పంజి బంతి నొక్కమన్నారు కూడా. కలపగల అయిదు వేళ్ళూ నడుం దగ్గర దిండుకి కట్టుబడి పొద్దస్తమానం బంతి కలుపుతున్నాయి! పద్నాలుగో రోజు మా ఆవిడ గుడికి వెళ్ళింది. ఒళ్ళో రెండు దిళ్ళు, దిళ్ళ మీద పీట, పీట మీద కంచం. వేళ్ళు అందాయి. కలిపాను. ఆహా, ఆ కలపడం! గుజ్జు ఒక వార, తెల్ల మెతుకులు ఒక వార. ముద్ద చేశాక తెలిసింది, చెయ్యి నడుం దగ్గర, నోరు నెత్తి దగ్గర, మధ్యలో మూరెడు దూరం. చెయ్యి పైకి రాదు కాబట్టి తలే కిందికి వంచాను. సగం దూరం వెళ్ళింది. మిగిలిన సగం పీట వచ్చింది. తలుపు తీసిన మా ఆవిడకి, ఆవకాయన్నంలో తడిసిన కట్టుతో, పీట కిందా నేను పైనా కనిపించాం.

"ఇవేం కోతి చేష్టలండీ!"

కట్టు ఉతికి ఆరేదాకా భుజం దగ్గర దుప్పటి వేసి, చెయ్యి దిండు మీద కదలకుండా పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ పెద్దగా ఏమీ అనలేదు. మళ్ళీ అన్నం పెట్టి, మళ్ళీ సమంగా కలిపింది.

నెల తిరిగేసరికి కొత్త ఆవకాయ రోజు వచ్చింది. మా మరదలూ, తోడల్లుడూ వచ్చారు. ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వుల నూనె. జాడీకెత్తాక బేసిన్‌లో అంటుకున్న గుజ్జులో వేడన్నం వేసి కలిపి, చుట్టూ కూర్చున్నవాళ్ళకి తలో ముద్దా పెట్టడం మా ఇంటి ఆచారం. ఆ బేసిన్ ముప్పయ్యేళ్ళుగా నాది. ఆ రోజు కలిపింది తోడల్లుడు. నాకు ఎడమ చేతిలో ముద్ద పెట్టబోయి, ఒక్క క్షణం ఆగి, నోట్లో పెట్టాడు. బాగానే కలిపాడు. ఒప్పుకోవడానికి నాకు వారం పట్టింది.

మా నాన్నకి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయాక రెండేళ్ళు బతికారు. అమ్మ కలిపి పెట్టేది. అమ్మకి ఒంట్లో బాగాలేని రోజుల్లో నేను కలిపేవాణ్ణి. ఆఫీసుకి టైమయ్యేది. కంచంలో పప్పూ కూరా ఒకేసారి వేసి గబగబా కలిపి పెడుతుంటే నాలుగు ముద్దలకే "చాల్రా" అనేవారు. ఆకలి మందగించిందనుకున్నాం. డాక్టరుకీ అదే చెప్పాం. ఆకలి పుట్టడానికి టానిక్ రాసిచ్చాడు. రోజూ రెండు చెంచాలు తాగించాను. కాదనకుండా తాగారు.

పందొమ్మిదో రోజు మధ్యాహ్నం మా ఆవిడ నాకు కలుపుతుంటే, ఆవిడ కంచంలో అన్నం చల్లారిపోతూ కనిపించింది. "చాలు" అన్నాను. ఆకలి తీరలేదు.

కట్టు విప్పాక ఫిజియోథెరపీ. బల్ల మీదికి వంగి, చెయ్యి వేలాడేసి, గడియారం లోలకంలా ఊగనివ్వాలి. ఈ ఊపుడికి బోస్టన్ డాక్టరు ఎర్నెస్ట్ కాడ్‌మన్ పేరే ఉంది. 1934లో ఒక్క భుజం మీదే పెద్ద పుస్తకం రాసిన మనిషి. కోసి పంపించాక పేషెంటు ఏమయ్యాడో ఏడాది తర్వాతైనా ఆసుపత్రి కనుక్కుని తీరాలన్నాడట. తోటి డాక్టర్లకి ఆ మాట రుచించలేదు. మా ఆసుపత్రి ఆయన్ని మించిపోయింది. ఇంటికి పంపిన మర్నాడే, 'మా సేవకి ఎన్ని నక్షత్రాలు?' అని మెసేజ్ పెట్టింది. ఎడమ బొటనవేలు తడబడి ఒకటి నొక్కింది. దాన్ని నేను దిద్దలేదు.

తర్వాత గోడ పాకడం. వేళ్ళతో గోడ మీద పైకి నడిచి, అందినచోట పెన్సిలు గీత. మా అమ్మాయి చిన్నప్పటి ఎత్తు గీతలున్న గుమ్మం పక్కనే పెట్టుకున్నాను. మొదటి వారం అంగన్‌వాడీ. మూడో వారానికి ఒకటో తరగతి పాసయ్యాను.

ఆ గీతలకన్నా ముందే, కట్టు విప్పి, మోచెయ్యి పక్కకి ఆనించుకుని తినొచ్చన్న రోజున జాడీ మూత తీశారు. నేను దింపలేదు లెండి, ఈసారి జాడీ కింద అలమరలోనే ఉంది. అలవాటు కొద్దీ మా ఆవిడ నా కంచంలో చెయ్యి పెట్టబోయింది.

"నేను కలుపుకుంటాను" అన్నాను.

చెయ్యి వణికింది. గుజ్జు వెళ్ళాల్సిన వారకి వెళ్ళలేదు. ముద్ద నోటిదాకా వచ్చేసరికి సగమైంది. మిగతా సగం లుంగీ మీద. ఆవిడ భోజనం ముగించి, చెయ్యి కడుక్కొచ్చి, ఎదురుగా కూర్చుంది. ముప్పావుగంట పట్టింది. కంచం ఖాళీ అయ్యాక అడిగింది.

"చాలా?"

"ఇంకొంచెం వెయ్యి" అన్నాను.